ఇంటి మీదుగా కిందుగా వెళ్లే విమానాలు: భయపడవలసినది ఏది, అడగవలసినది ఏది

బేగంపేట రన్‌వేకు పడమటి వైపు, సనత్‌నగర్ దగ్గర మూడంతస్తుల ఇంట్లో ఉంటున్నామని, డాబా మీద నిలబడితే విమానం చక్రాలు స్పష్టంగా కనిపిస్తున్నాయని, 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదాన్ని టీవీలో చూసినప్పటి నుంచి ఆ శబ్దం వినిపిస్తే చాలు మీ అమ్మగారు పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారని మీరు రాశారు. ఇంత కిందుగా ఎగరడానికి అనుమతి ఉందా, ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఇల్లు అమ్ముకోవడమే మేలా అని మూడు ప్రశ్నలు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీలో, అంటే టవర్‌లోనూ రాడార్ గదిలోనూ పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, మొదటి రెండింటికి వివరంగానే సమాధానం చెప్పగలను. మూడవదానికి నా అభిప్రాయం మాత్రమే చెప్పగలను.

ముందుగా నియమం సంగతి. జనావాసాల మీదుగా, కంటిచూపు ఆధారంగా ఎగిరే విమానం తన చుట్టూ 600 మీటర్ల పరిధిలో ఉన్న అతి ఎత్తైన కట్టడం కంటే కనీసం 300 మీటర్లు, అంటే వెయ్యి అడుగులు, పైన ఉండాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణం. మన దేశమూ దానినే పాటిస్తుంది. మీ వీధి పక్కన 60 మీటర్ల టవర్ ఉంటే, అక్కడ ఎగిరే విమానం నేల నుంచి 360 మీటర్ల ఎత్తులో ఉండాలన్నమాట. అయితే ఈ నియమం మొదటి మాటే ఒక మినహాయింపు: విమానం రన్‌వే నుంచి లేస్తున్నప్పుడు, రన్‌వే మీదికి దిగుతున్నప్పుడు ఇది వర్తించదు. వర్తిస్తే ఏ విమానమూ నేలకు చేరలేదు. కాబట్టి మీ ఇంటి మీదుగా వెళ్లే విమానం నియమాన్ని తప్పుతున్నదా లేదా అన్నది ఎత్తు ఒక్కటే చూసి తేల్చలేము. అది రన్‌వే గీతకు, అంటే రన్‌వేను రెండు కొనల నుంచి సూటిగా పొడిగిస్తే వచ్చే ఊహారేఖకు, ఎక్కడ ఉంది, దిగుతోందా, లేస్తోందా, కేవలం దాటిపోతోందా అన్నది ముందు తెలియాలి.

దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వే నుంచి ఒక్కొక్క కిలోమీటరు దూరానికి సుమారు 52 మీటర్ల ఎత్తు. రన్‌వే మొదలయ్యే చోటును అది 15 మీటర్ల ఎత్తులో దాటాలి కనుక, ఆ 15 కూడా కలుపుకోండి. రన్‌వే చివరి నుంచి సరిగ్గా రెండు కిలోమీటర్ల దూరంలో, రన్‌వే గీతకు సూటిగా ఉన్న ఇంటి మీద ఆ విమానం సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఐదు కిలోమీటర్ల దూరంలో 275 మీటర్లు, పది కిలోమీటర్ల దూరంలో 535 మీటర్లు. డాబా మీద నిలబడిన మీకు ఆ 120 మీటర్లలో పది మీటర్లు ఇల్లే తీసేస్తుంది. చక్రాలు కనిపించడంలో వింత లేదు. మీరు చూస్తున్నది దారి తప్పిన విమానం కాదు, సరిగ్గా ఉండవలసిన చోట ఉన్న విమానం. నిజానికి ఆ దూరంలో అది 200 మీటర్ల ఎత్తులో కనిపిస్తే టవర్‌లో ఉన్న మాకు ఆందోళన కలుగుతుంది, ఎందుకంటే అంత ఎత్తు నుంచి రన్‌వేను అందుకోవాలంటే బాగా నిటారుగా, వేగంగా దిగవలసి వస్తుంది.

కొన్ని నెలల్లో ఈ బాధ ఎక్కువగా, కొన్ని నెలల్లో తక్కువగా ఉంటోందని మీరు రాసిన మాట నాకు నచ్చింది, ఎందుకంటే అది సరైన గమనింపు. విమానం వీలైనంత వరకు గాలికి ఎదురుగానే దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. చలికాలంలో తూర్పు నుంచి గాలి వీచేటప్పుడు విమానాలు పడమటి నుంచి, అంటే మీ వైపు నుంచి వచ్చి దిగుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలికి ఎదురుగా లేచి మీ మీదుగా పైకి పోతాయి. రన్‌వే పొడవు మూడు కిలోమీటర్లకు పైనే కనుక, లేచే చిన్న విమానాలు రన్‌వే దాటేసరికే చాలా ఎత్తుకు చేరతాయి. అందువల్ల వానాకాలంలో మీకు అవి దూరంగా, చలికాలంలో దగ్గరగా అనిపిస్తాయి.

ఎత్తును కంటితో అంచనా వేయడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టమే. పెద్ద విమానం ఉన్నదానికంటే దగ్గరగా, చిన్నది దూరంగా అనిపిస్తుంది. అందుకని మా రోజుల్లో కొత్తగా చేరిన పిల్లలకు నేర్పిన ఒక ఉపాయం చెబుతాను. స్కూలు పిల్లల స్కేలు ఒకటి తీసుకొని, విమానం సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో స్కేలు పట్టుకొని, ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస వరకు ఎన్ని సెంటీమీటర్లు వస్తుందో చూడండి. ఆ విమానం రెక్కల అసలు వెడల్పును 60తో హెచ్చించి, వచ్చిన సెంటీమీటర్లతో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. శిక్షణకు వాడే సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు. స్కేలు మీద 2.2 సెంటీమీటర్లు కనిపిస్తే అది 300 మీటర్ల ఎత్తులో ఉంది, 4.4 కనిపిస్తే 150 మీటర్లలో ఉంది. ఎయిర్‌బస్ 320 రెక్కల వెడల్పు సుమారు 36 మీటర్లు. అది 300 మీటర్ల ఎత్తులో ఉంటే ఏడు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ వస్తుంది. సూర్యుడు ఉన్న వైపు మాత్రం చూడకండి. నాలుగైదు రోజులు ఇలా రాసిపెట్టుకుంటే, మీ భయంలో ఎంత భాగం లెక్కకు నిలుస్తుందో మీకే తెలుస్తుంది. మీ ఫిర్యాదుకు కూడా అదే బలం అవుతుంది.

పది నిమిషాలకోసారి అదే చిన్న విమానం మళ్లీ మళ్లీ వస్తోందని కూడా మీరు రాశారు. దానిని మేము సర్క్యూట్ అంటాము. శిక్షణలో ఉన్న పైలట్ లేచి, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చి, తిరిగి దిగి, చక్రాలు నేలను తాకగానే మళ్లీ లేస్తాడు. సర్క్యూట్ ఎత్తు సాధారణంగా నేల నుంచి వెయ్యి అడుగులే. దానికీ ఒక కారణం ఉంది. ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా వంటి విమానం ఇంజిన్ ఆగిపోయినా రాయిలా పడిపోదు, తన ఎత్తుకు సుమారు తొమ్మిది రెట్ల దూరం జారుకుంటూ పోగలదు. 300 మీటర్ల ఎత్తు నుంచి అది సుమారు 2.7 కిలోమీటర్లు. గాలి, మలుపులు అందులో కొంత తినేస్తాయి. కాబట్టి సర్క్యూట్‌ను రన్‌వేకు దగ్గరగా, ఇరుకుగా ఉంచడం భద్రత కోసమే. ఆ చిన్న విమానం రన్‌వేకు దూరంగా, జనం కిక్కిరిసిన కాలనీల మీద, తక్కువ ఎత్తులో తిరుగుతున్నట్లు మీ స్కేలు చెబితే మాత్రం అది అడగవలసిన విషయమే.

మామూలు వాళ్లను భయపెట్టేవి, మేము మాత్రం పట్టించుకోనివి కొన్ని ఉన్నాయి. దిగబోతున్న విమానం ఒక్కసారిగా గర్జించి పైకి లేచిపోతే దాన్ని గో అరౌండ్ అంటారు. రన్‌వే ఖాళీగా లేదనో, గాలి కుదరలేదనో పైలట్ తీసుకున్న జాగ్రత్త అది. ముక్కు ఒక వైపుకు, ప్రయాణం మరొక వైపుకు ఉన్నట్లు వంకరగా వస్తే పక్కగాలి ఉన్నదని అర్థం. ఆకాశంలో అరగంట సేపు చుట్లు కొడుతుంటే వాతావరణం కోసం ఆగి ఉండవచ్చు, లేదా ఏదో చిన్న ఇబ్బందితో తిరిగి దిగడానికి ముందు ఇంధనం తగ్గించుకుంటూ ఉండవచ్చు, ఎందుకంటే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి విమానాలకు ఇంధనాన్ని గాలిలో పారబోసే ఏర్పాటు ఉండదు.

ఇక్కడి వరకు మీ భయాన్ని తగ్గించే మాటలే చెప్పాను. కానీ మీ అమ్మగారి భయానికి ఆధారం లేదని నేను అనను. విమాన ప్రయాణం ఎంత సేపు సాగినా, ప్రాణాంతక ప్రమాదాలలో సగానికి పైగా లేచేటప్పుడూ, దిగేటప్పుడూ, అంటే రన్‌వే చుట్టుపక్కలే జరుగుతాయి. మన దేశ చరిత్రే అందుకు సాక్ష్యం. 2000 జూలై 17న పాట్నాలో దిగబోతున్న బోయింగ్ 737 అదుపు తప్పి గర్దనీబాగ్ ఇళ్ల మీద పడింది. చనిపోయిన 60 మందిలో ఐదుగురు నేల మీద ఉన్నవారు. 2002 మే 3న జలంధర్‌లో మిగ్ 21 ఒక బ్యాంకు మీద కూలి ఎనిమిది మంది పోయారు, పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. మీ ఇంటికి ఎంతో దూరం కాని బోయిన్‌పల్లిలో, 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళ విన్యాసాల బృందానికి చెందిన కిరణ్ విమానం ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు, కింద ఉన్నవారు గాయపడ్డారు. ఆ రోజు సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కుదురుగా ఉండదు. 2025 జూలై 21న ఢాకాలో శిక్షణ యుద్ధవిమానం ఒక పాఠశాల మీద పడి 30 మందికి పైగా పోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు.

అహ్మదాబాద్ విషయానికి వద్దాం. 2025 జూన్ 12న లండన్ బయలుదేరిన బోయింగ్ 787 లేచిన కొద్ది క్షణాలకే వైద్య కళాశాల హాస్టల్ మీద పడింది. విమానంలోని 242 మందిలో 241 మంది, నేల మీద 19 మంది మరణించారు. రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు, అంటే ఇంధనం పారే స్థితి నుంచి ఆగే స్థితికి, మారాయని దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక తెలిపింది. ఎందుకు మారాయన్న దాని గురించి ఊహలు అల్లడం నాకు ఇష్టం లేదు. మీ ప్రశ్నకు సంబంధించి అందులో చూడవలసినది వేరే ఉంది. విమానం పడిన చోటు రన్‌వే చివరి నుంచి రెండు కిలోమీటర్ల లోపే ఉంది, రన్‌వే గీత వెంబడే ఉంది. అక్కడ మధ్యాహ్నం వేళ భోజనశాలలో విద్యార్థులు కిక్కిరిసి ఉన్నారు. ఆ చోట పొలమో, గోదామో, చెరువో ఉంటే విమానంలో ఉన్నవారి సంగతి ఎలా ఉన్నా, నేల మీద ఆ 19 మంది పోయేవారు కారు.

నా మాట ఇక్కడే ఉంది. కిందుగా ఎగరడం ప్రమాదం కాదు, రన్‌వే కొనల ఎదుట మనం ఏమి కడుతున్నాము, ఎంతమందిని అక్కడ చేరుస్తున్నాము అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నలో మన చట్టం సగమే చూస్తుంది. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో కట్టడాల ఎత్తును నియంత్రించే నిబంధనలను కేంద్రం 2015లో ప్రకటించింది. రంగుల పటాల్లో ఏ చోట ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో చూపిస్తారు. అంతకు మించితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి, వాయుసేన స్థావరాల దగ్గరైతే వాయుసేన నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. రన్‌వేకు సూటిగా ఉన్న దారిలో ఈ హద్దు రెండు శాతం వాలుతో పెరుగుతుంది: కిలోమీటరు దూరంలో సుమారు 20 మీటర్లు, రెండు కిలోమీటర్ల దూరంలో సుమారు 40 మీటర్లు. ఆ దూరంలో 120 మీటర్లలో వచ్చే విమానానికీ 40 మీటర్ల కట్టడానికీ మధ్య మిగిలే 80 మీటర్లే పైలట్ పొరపాటుకు, గాలి కుదుపుకు, మబ్బుకు మనం ఇస్తున్న చోటు.

ఈ ఎత్తును లెక్కించేది మీ వీధి నేల నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. బేగంపేట రన్‌వే సుమారు 530 మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాద్‌లో ఒక వీధి గుట్ట మీద, పక్క వీధి పల్లంలో ఉంటుంది కనుక, పక్కవాడికి ఐదంతస్తులకు అనుమతి వచ్చింది, నాకెందుకు రాదని వాదించడం కుదరదు. పైగా ఆ ఎత్తులో నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, సెల్ టవర్, హోర్డింగు అన్నీ కలుస్తాయి. అనుమతి తీసుకున్నాక పైన ఒక అంతస్తు, దాని మీద ఒక ట్యాంకు, దాని మీద ఒక టవర్ వేసే అలవాటును నేను చాలా ఏళ్లు చూశాను. ప్రతిసారీ బాధ కలిగింది. అలాంటి అడ్డంకులను తొలగించే పద్ధతిని కఠినం చేస్తూ కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా నిబంధనలు కూడా ప్రకటించింది.

అయితే ఈ నిబంధనలన్నీ చూసేది విమానానికి అడ్డు రాకుండా ఉండడాన్నే. కట్టడం హద్దుకు లోబడి ఉంటే, అది గోదామా, ఆరు వందల మంది పిల్లల బడా, రోగులతో నిండిన ఆసుపత్రా అని ఆ పత్రం అడగదు. బ్రిటన్‌లో పెద్ద విమానాశ్రయాల రన్‌వే కొనల నుంచి సన్నని త్రికోణాకారంలో ప్రజా భద్రతా మండలాలను గీసి, అందులో కొత్తగా జనం గుమిగూడే కట్టడాలను అనుమతించరు. ఉన్న ఇళ్లను తీసేయమని కాదు, కొత్త రద్దీని చేర్చవద్దని. అలాంటి గీత మన నగర ప్రణాళికల్లో కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయిన తరువాత బేగంపేట మూతపడినట్లే భావించి, రన్‌వే కొనల ఎదుట ఇళ్లు కొన్నవారిని, హాస్టళ్లు నడుపుతున్నవారిని నేను కలిశాను. అక్కడ వీఐపీల విమానాలు, శిక్షణ, వాయుసేన కార్యకలాపాలు, రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన సాగుతూనే ఉన్నాయి. మీ కాలనీ సంఘం బల్దియాను అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ గీత మీద కొత్త బడికో, హాస్టల్‌కో, ఫంక్షన్ హాల్‌కో అనుమతి ఇస్తున్నారా?

రెండవది చెత్త. రన్‌వే కొనల దగ్గర మాంసం వ్యర్థాలు, చెత్తకుప్పలు ఉంటే గద్దలు తిరుగుతాయి. అవి ఎగిరే ఎత్తూ, దిగే విమానం ఎత్తూ ఒక్కటే. 1937 నాటి విమాన నియమావళి 91వ నియమం విమానాశ్రయానికి పది కిలోమీటర్ల పరిధిలో పక్షులను ఆకర్షించేలా పశువులను వధించడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధించింది. ఆ నియమాన్ని అమలు చేయించడానికి విమానయాన అధికారుల కంటే వీధిలో ఉండే మీకే ఎక్కువ వీలుంది: కుప్ప ఫొటో, తేదీ, చోటుతో మున్సిపల్ అధికారులకు, విమానాశ్రయ డైరెక్టర్‌కు ఒకేసారి పంపండి. సంక్రాంతి గాలిపటాలు, పెళ్లిళ్లలో వదిలే ఆకాశదీపాలు, ఊరేగింపుల్లో ఆకాశంలోకి కొట్టే లేజర్ లైట్లు కూడా ఈ దారిలో ఉండకూడదు. లేజర్ కంట్లో పడిన పైలట్‌కు చివరి అరనిమిషంలో రన్‌వే కనిపించదు. డ్రోన్ అయితే విమానాశ్రయ ప్రహరీ నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఫిర్యాదు గురించి. తేదీ, నిమిషంతో సహా సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్లింది, చక్రాలు దిగి ఉన్నాయా, స్కేలుతో కట్టిన ఎత్తు, వాతావరణం, వీలైతే వీడియో: ఇవి ఉన్న ఫిర్యాదును ఏ అధికారీ పక్కన పడేయలేడు, ఎందుకంటే రాడార్ రికార్డుతో, టవర్ సంభాషణల రికార్డుతో సరిచూడడం సులువు. ఆ రికార్డులను నిర్ణీత గడువు వరకే దాస్తారు కనుక ఆలస్యం చేయవద్దు. చక్రాలు దించకుండా, రన్‌వే గీతకు పక్కగా, దిగే ఉద్దేశం లేకుండా కిందుగా వెళ్లినవే ఫిర్యాదుకు తగినవి. పౌర విమానమైతే విమానాశ్రయ డైరెక్టర్‌కు, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకు రాయండి. ఎయిర్‌సేవ పోర్టల్‌లోనూ, కేంద్ర ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. వాయుసేన విమానమైతే డీజీసీఏకు అధికారం లేదు. హకీంపేట, దుండిగల్, బేగంపేట స్థావరాలలో సంబంధించిన దాని అధికారికి మర్యాదగా ఉత్తరం రాయండి. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లలో సైనిక విమానాలు చాలాసార్లు కనిపించవు. యాప్‌లో లేదు కనుక అక్రమంగా తిరుగుతోందని అనుకోకండి.

ఎన్నడూ రాకూడని రోజు వస్తే ఏమి చేయాలో కూడా ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. విమానం కూలితే గాలి ఎటు వీస్తుందో చూసి, పొగకు ఎదురు దిక్కున దూరంగా వెళ్లాలి. 112కు ఫోన్ చేసి చోటు చెప్పాలి. శకలాలను ముట్టకూడదు. కాలిన రెక్కల పొడి ఊపిరితిత్తులకు చేటు, సైనిక విమానమైతే పైలట్ సీటును బయటికి ఎగరగొట్టే పేలుడు క్యాట్రిడ్జ్ పేలకుండా మిగిలి ఉండవచ్చు. అన్నిటికీ మించి, సందు మొదట్లో బండ్లు నిలిపి వీడియో తీసే జనాన్ని పక్కకు జరపాలి. అగ్నిమాపక యంత్రం ఆ సందులోకి రాగలదా లేదా అన్నది మీ కాలనీ ఇప్పుడే, ఈ వారమే చూసుకోవచ్చు.

ఇల్లు అమ్మాలా అని అడిగారు. మీ ఇల్లు రన్‌వే గీతకు సూటిగా, కొన నుంచి కిలోమీటరు లోపల ఉంటే, అది సొంత అవసరానికి కాక బడికో హాస్టల్‌కో అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే, ఆ ఆలోచన మానుకోమని చెబుతాను. రెండు కిలోమీటర్ల దూరంలో ఒక కుటుంబం ఉండే ఇంటిని ఈ కారణంగా అమ్ముకోమని మాత్రం చెప్పను. ఏడాది మొత్తంలో మీ కుటుంబానికి ఆ విమానాల వల్ల ఉన్న ముప్పు, అదే కుటుంబం రోజూ బాలానగర్ చౌరస్తా దాటేటప్పుడు ఉన్న ముప్పు కంటే చాలా తక్కువ. మీ అమ్మగారిని ఒక ఆదివారం ఉదయం డాబా మీద కూర్చోబెట్టి, మనవడి చేతికి స్కేలు ఇచ్చి, వచ్చే ప్రతి విమానాన్నీ కొలిచి రాయించండి. ఆ కాగితం ఫొటో నాకు పంపితే, ఒక్కొక్కటీ ఏమి చేస్తోందో నేను రాసి పంపుతాను.